అందరికీ అన్నయ్య



మీ ఇంట్లో అయిదారేళ్ళ పసివారెవరైనా ఉంటే ఒక సంగతి మీరు గమనించే ఉంటారు. ఎక్కాలు అప్పజెప్పమంటే నసుగుతారు. పాఠం పదిసార్లు చదివించినా మరునాటికి మరచిపోతారు. అదే ఒక పాట రెండుసార్లు చెవిన పడితే చాలు, మూడోసారి వాళ్ళే అందుకుంటారు. గెంతుతూ, చప్పట్లు చరుస్తూ పాడారంటే ఇక ఆ పాట వాళ్ళను జన్మలో వదలదు. ఇది ప్రతి తల్లికీ తెలిసిన విషయమే. కాని ఈ చిన్న విషయాన్ని పట్టుకుని, దానికోసం జీవితమంతా ధారపోసిన వారు మన తెలుగునాట బహు అరుదు.

అలాంటి అరుదైన మనిషి న్యాయపతి రాఘవరావుగారు. ఈ పేరు చెబితే నేటి యువతరానికి వెంటనే స్ఫురించకపోవచ్చు. 'రేడియో అన్నయ్య' అంటే మాత్రం మీ ఇంట్లో పెద్దవారి ముఖాన చిరునవ్వు మెరుస్తుంది. ముషీరాబాద్‌లోనో తార్నాకలోనో నివసించే మన పాఠకులకు ఆయన ఒక విధంగా ఇరుగుపొరుగు మనిషే. తార్నాక నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణ మీదుగా విద్యానగర్ దాటి, ముషీరాబాద్ వైపు వచ్చి, సినిమా హాళ్ళ సందడి నిండిన ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి కాస్త ముందుకు సాగితే నారాయణగూడ వస్తుంది. ఆయన తన జీవితంలోని చివరి అధ్యాయాన్ని పిల్లల మధ్య గడిపినది అక్కడే.

బరంపురం నుంచి మద్రాసుకు

రాఘవరావుగారు 1905 ఏప్రిల్ 13న బరంపురంలో జన్మించారు. ఇప్పుడు ఒడిశాలో ఉన్న ఆ ఊరు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. తెలుగువారు విరివిగా ఉన్న పట్టణం. చదువు, రచన, నాటకం అంటే మక్కువ గల యువకుడుగా ఆయన మద్రాసు చేరుకున్నారు. ఆనాడు తెలుగువారి పత్రికలకు, ప్రచురణలకు, సినిమాలకు ముఖ్యకేంద్రం మద్రాసే కదా! ఆయన సహధర్మచారిణి కామేశ్వరిగారు 1908లో జన్మించారు. భర్త చేపట్టిన ప్రతి పనిలోనూ ఆమెది సగభాగం. ఈ కథలో ఒకరిని చెప్పి మరొకరిని వదలివేయడం సాధ్యం కాదు.

అప్పటికి రేడియో కొత్త వింత. మద్రాసు కార్పొరేషన్ వారు 1930లోనే సొంతంగా ప్రసారాలు మొదలుపెట్టారు. సముద్రతీరంలోనూ, పార్కులలోనూ అమర్చిన లౌడ్‌స్పీకర్ల చుట్టూ జనం గుమిగూడి వినేవారు. 1938 జూన్ 16న ఆల్ ఇండియా రేడియో మద్రాసు కేంద్రం ప్రారంభమైంది. తమిళంతోపాటు తెలుగు కార్యక్రమాలూ అక్కడి నుంచే వెలువడేవి. ఆ కేంద్రం తొలిరోజులలోనే పిల్లల కార్యక్రమం రాఘవరావు, కామేశ్వరి దంపతుల చేతికి వచ్చింది. 'బాలానందం' అనే మాట తెలుగు ఇళ్ళలోకి అలా నడిచి వచ్చింది.

అన్నయ్య, అక్కయ్య అన్న పిలుపు వెనుక

పాఠకులారా, ఒక్కక్షణం ఆ పిలుపులను గురించి ఆలోచించండి. భర్త అన్నయ్య అయితే భార్య వదిన కావాలి. మన వరసలు అలాగే కదా చెబుతాయి. కాని పిల్లలు ఆయనను అన్నయ్య అన్నారు, ఆమెను అక్కయ్య అన్నారు. అన్నయ్యగారి భార్యగా కాక, ఆమె స్వయంగా ప్రతి బిడ్డకూ అక్కయ్య అయింది.

మరో విశేషం కూడా ఉంది. వారు మాస్టారు, పంతులమ్మ అని పిలిపించుకోలేదు. ఆ రోజులలో చదువు చెప్పేవారి చేతిలో బెత్తం ఉండేది. సంగీతం నేర్పేవారి ముందు శిష్యులు బాసిపెట్టుకుని భయంభయంగా కూర్చునేవారు. అన్నయ్య ముందు అలా కూర్చోనక్కర లేదు. ఇంట్లో అన్నతో ఆడుకున్నట్టే ఆడవచ్చు, పాట తప్పితే నవ్వేసి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. పిల్లవాడి గొంతు విప్పడానికి మొదట తొలగవలసింది భయం. భయం పోయిన తరువాతనే శ్రుతి, లయ వస్తాయి. ఆ పిలుపులోనే సగం బోధన ఉన్నదనడం అతిశయోక్తి కాదు.

గొంతు బాగున్నవారికేనా పాట?

మన సంగీత సంప్రదాయం గొప్పది. సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు అని మెట్లు కట్టి, మాయామాళవగౌళ రాగంతో అభ్యాసం ప్రారంభించే పద్ధతిని పురందరదాసు ఏర్పరచాడని చెబుతారు. నాలుగు వందల ఏళ్ళు దాటినా ఆ మెట్లు చెక్కుచెదరలేదు. కాని ఆ మెట్లు ఎక్కే అవకాశం ఎందరు పిల్లలకు దొరుకుతుంది? నేర్పే గురువు ఉండాలి, చెల్లించడానికి డబ్బు ఉండాలి. అన్నిటికీ మించి, గొంతు బాగుందని ఎవరో ఒకరు మెచ్చుకోవాలి. గొంతు బాగులేదన్న ఒక్కమాటతో ఎందరో పిల్లలు జన్మంతా నోరు విప్పకుండా ఉండిపోతారు. మీలో కూడా అలాంటివారు ఉండవచ్చు.

బాలానందం ఈ గోడను తొలగించింది. అక్కడ కావలసినది విద్వాంసుల బిడ్డలు కారు. మామూలు ఇళ్ళ పిల్లలు గుంపుగా వచ్చి పాడారు, కథలు చెప్పారు, చిన్నచిన్న నాటికలు వేశారు, పొడుపుకథలు విప్పారు. మన స్టూడియోలలోకి టేపు రికార్డర్లు ఇంకా రాని రోజులవి. ప్రసారమంతా ప్రత్యక్షమే. పాటలో తప్పు దొర్లితే దిద్దుకునే వీలు లేదు. మైకు ముందు పసిపిల్లల గుంపును నిలబెట్టి, దగ్గులు, నవ్వులు, తోపులాటలు అన్నిటితోనూ కార్యక్రమం నడపడమంటే సామాన్యమైన పని కాదు. దానికి పాండిత్యంతోపాటు ఎంతో ఓర్పు కావాలి.

దూరాన రేడియో ముందు కూర్చున్న పిల్లలకు ఈ గుంపు ఎంతో ధైర్యమిచ్చింది. రేడియోలో వినిపించేది తమవంటి పిల్లల గొంతే. వాళ్ళు పాడగలిగితే మేమెందుకు పాడలేమన్న ఆశ వినేవారిలో పుట్టింది. ఇల్లాళ్ళు పని ఆపి వినేవారు. రేడియో లేని ఇంటి పిల్లలు పక్కింటి అరుగు మీద చేరేవారు.

ఆటలో దాగిన సంగీత పాఠం

ఆడుతూ పాడుతూ ఉంటే సంగీతం ఎలా వస్తుందని మీరు అడగవచ్చు. మన పల్లెల ఆటలనే చూడండి.

ఇద్దరు ఆడపిల్లలు ఎదురెదురుగా నిలబడి చెమ్మచెక్క ఆడతారు. ఒకరి అరచేయి మరొకరి అరచేతిని సరిగ్గా పాట దెబ్బ మీదనే తాకాలి. ఒక్కరు తొందరపడినా, వెనుకబడినా ఆట చెడిపోతుంది. లయ అంటే ఏమిటో ఇంతకంటే బాగా ఎవరు నేర్పగలరు? ఒప్పులకుప్పలో చేతులు పట్టుకుని వెనక్కు వాలి గిరగిర తిరుగుతారు. మెల్లగా మొదలైన పాట వేగం పుంజుకుంటుంది. విలంబం, మధ్యమం, ద్రుతం అని పెద్దలు పేర్లు పెట్టి చెప్పే కాలప్రమాణాలను పిల్లలు కళ్ళు తిరిగేదాకా తిరిగి నేర్చుకుంటారు. గుడుగుడు గుంచంలో పిడికిలి మీద పిడికిలి నిలబెట్టి, వరుస తప్పకుండా పాడుతూ ఒక్కొక్కటే తీసేస్తారు. ఎక్కడ మొదలు, ఎక్కడ ముగింపు అన్న ఎరుక అందులో కలుగుతుంది. ఒకరు అడిగితే మరొకరు బదులు చెప్పే ఆటపాటలలో రెండోవారు తమ వంతు వచ్చేదాకా చెవి ఒగ్గి వినాలి. పాడటంకన్నా ముందు రావలసిన విద్య వినడం.

మన పిల్లల పాటలు చాలావరకు మూడేసి మాత్రల నడకలోనో, నాలుగేసి మాత్రల నడకలోనో సాగుతాయి. తిశ్రం, చతురశ్రం అనే పేర్లు తెలియకుండానే పిల్లవాడి కాళ్ళు ఆ నడకలను పట్టుకుంటాయి. స్వరాలు కూడా ఎక్కువ ఉండవు. నాలుగైదు స్వరాలతోనే పాట నడుస్తుంది. లేత గొంతుకు అది చాలు. పెద్దలకోసం కట్టిన సినిమా పాటల ఎత్తులకు ఆ గొంతును లాగితే అది అలసిపోతుంది.

అన్నయ్య, అక్కయ్య చేసిన పని ఇదే. ఇళ్ళలో, వీధులలో నలిగిపోతున్న ఆటపాటలకు రేడియోలో గౌరవస్థానం కల్పించారు. అవి చాలనప్పుడు పిల్లల నోటికి ఇమిడే మాటలతో కొత్త పాటలు రాశారు, రాయించారు. చిన్నపిల్లల పాట చిన్నతనమేమీ కాదని పెద్దలకు తెలియజెప్పారు.

లోకంలో ఇతరులు

ఇంచుమించు ఆ కాలంలోనే దూరదేశాలలో కొందరు మహనీయులు ఇదే బాటలో నడిచారు. స్విట్జర్లాండులో ఎమిల్ జాక్ దాల్‌క్రోజ్ తన సంగీత విద్యార్థుల వేళ్ళు వాద్యం మీద కదులుతున్నా ఒంట్లో లయ లేదని గ్రహించి, నడక ద్వారా, కదలిక ద్వారా సంగీతం నేర్పే పద్ధతిని రూపొందించాడు. హంగేరీలో 1882లో జన్మించిన జోల్తాన్ కొడాయ్ తన దేశపు పల్లెపాటలు సేకరించి, వాద్యం పట్టకముందే ప్రతి బిడ్డా పాడాలని పట్టుబట్టాడు. ఆయన పుట్టిన కెచ్‌కెమేట్ పట్టణంలో 1950లో ఆ పద్ధతిని అనుసరించే సంగీత ప్రాథమిక పాఠశాల వెలసింది. జర్మనీలో కార్ల్ ఓర్ఫ్ మాట, పాట, ఆట, చిన్న వాద్యాలు కలిపి పిల్లలకు బోధించాడు. 1948లో బవేరియా రేడియో ఆయన సంగీతాన్ని పిల్లల చేత వాయింపించి ప్రసారం చేయడంతో ఆయన పద్ధతి నలుగురికీ తెలిసింది.

ఆ సంవత్సరాన్ని గుర్తుంచుకోండి. అప్పటికి పదేళ్ళనాడే మద్రాసు రేడియోలో తెలుగు పిల్లలు పాడటం మొదలైంది! వీరు వారిని చూసి నేర్చుకున్నారని గాని, వారు వీరిని చూశారని గాని చెప్పడం నా ఉద్దేశం కాదు. పసివారిని దగ్గరగా గమనించినవారు ఏ దేశంలో ఉన్నా ఒకే సత్యాన్ని చేరుకుంటారని మాత్రమే నా మనవి. తేడా ఒక్కటే. వారి పద్ధతులు గ్రంథాలకెక్కి, లోకమంతటా శిక్షణాలయాలుగా విస్తరించాయి. మనవారి కృషి శ్రోతల జ్ఞాపకాలలో నిలిచింది, పాఠ్యప్రణాళికలలోకి చేరలేదు. ఆ లోటు ఇప్పటికీ మనదే.

సంఘం, పత్రిక

వారానికొకసారి వచ్చే రేడియో కార్యక్రమంతో ఆ దంపతులు తృప్తిపడలేదు. 1940లో మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘాన్ని స్థాపించారు. రేడియోలో విన్నదాన్ని పిల్లలు కలిసి ఆడి పాడుకోవడానికి ఒక చోటు ఏర్పడింది. రేడియో పాట గాలిలో కలిసిపోతుంది. పక్కన మరో పదిమంది పిల్లలు ఉంటేనే అది ఆటగా మారుతుంది.

1945 ఆగస్టులో 'బాల' అనే మాసపత్రికను ప్రారంభించారు. 'చందమామ' పుట్టడానికి అది రెండేళ్ళ ముందుమాట. గేయాలు, కథలు, బొమ్మలు, చిక్కు ప్రశ్నలతో ఆ పత్రిక పిల్లల చేతులలో నలిగింది. పిల్లలు చదవడమే కాదు, పిల్లలే రాయాలన్నది దాని ప్రత్యేకత. ముళ్ళపూడి వెంకటరమణ అనే బాలుడి తొలి రచనకూ, తరువాత బాపుగా ప్రసిద్ధి చెందిన ఆయన మిత్రుడి తొలి బొమ్మలకూ చోటిచ్చినది ఆ పత్రికే. ఆ బాలురు మున్ముందు ఎంతవారు అవుతారో అప్పటికి ఎవరికీ తెలియదు. తెలియకపోయినా చోటిచ్చారు. ఏ పిల్లవాడిలో ఏమున్నదో మనకు ముందుగా తెలియదు, కనుక అందరికీ అవకాశమివ్వడమే సరైన మార్గమని ఈ ఉదంతం మనకు చెబుతుంది.

హైదరాబాదులో

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. హైదరాబాదు రాజధాని అయింది. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లోనే ఆలిండియా రేడియోలో కలిసి హైదరాబాదు కేంద్రమైంది. ఇంతకాలం మద్రాసు చుట్టూ అల్లుకున్న తెలుగు జీవితం ఇటు తరలి రాసాగింది. అన్నయ్య, అక్కయ్య కూడా మద్రాసును వదలి ఇక్కడికి వచ్చారు.

అప్పటికి ఆయనకు యాభై ఏళ్ళు దాటాయి. ఆ వయసులో ఊరు మారి, కొత్త చోట మళ్ళీ పిల్లలను పోగుచేయడం తేలిక కాదు. మద్రాసులో పెరిగి పెద్దవారైన బాలానందం పిల్లలు అక్కడే ఉండిపోయారు. ఇక్కడివారి మాటతీరు వేరు, వీధుల భాష వేరు. ఉర్దూ, తెలుగు కలగలిసిన నగరం ఇది. అయినా నారాయణగూడలో బాలానంద సంఘం వేళ్ళూనుకుంది. చుట్టుపక్కల పేటల నుంచి పిల్లలు చేరారు. హైదరాబాదు కేంద్రం నుంచి బాలానందం తెలుగు ఇళ్ళలో మోగింది. రేడియో ముందు చాప పరుచుకుని కూర్చున్న ఆ తరం పిల్లలు ఈనాడు తాతలు, నాయనమ్మలు అయ్యారు. ముషీరాబాద్‌లో మీ ఇంటి పక్కనే అలాంటివారు ఒకరైనా ఉంటారు. అడిగి చూడండి, పాట అందుకుంటారు.

వారికి పిల్లలు లేరు

ఆ దంపతులకు సొంత సంతానం లేదు. లోకం ఇటువంటివారిపై జాలి చూపుతుంది, కొన్నిసార్లు సూటిపోటి మాటలూ అంటుంది. పేరంటాలకు పిలవడానికి కూడా వెనుకాడే రోజులవి. ఆ ఖాళీని వారు దుఃఖంతో నింపుకోలేదు. వేలాదిమంది బిడ్డలు అన్నయ్యా, అక్కయ్యా అని పిలిచారు. తమ సమయాన్నీ, శక్తినీ, ఉన్నంతలో ధనాన్నీ ఆ పిల్లల కోసమే వెచ్చించారు.

పిల్లల పని చేసేవారికి మన సమాజంలో పెద్దగా ప్రతిఫలం ఉండదు. పెద్దల కోసం పాడిన విద్వాంసుడికి సభలు, సన్మానాలు జరుగుతాయి. పసివారి చేత పాడించిన మనిషికి దక్కేది పసివారి కేరింతలే. పైగా ఆ పిల్లలు పెద్దవారై ఎవరి దారిన వారు వెళ్ళిపోతారు. నేర్పినవారు మళ్ళీ కొత్త పిల్లలతో మొదటి నుంచి ప్రారంభించాలి. నాలుగు దశాబ్దాలకు పైగా అలా మళ్ళీ మళ్ళీ మొదలుపెట్టడానికి ఎంత ప్రేమ ఉండాలో మీరే ఊహించండి.

కామేశ్వరిగారు 1980లో కన్నుమూశారు. నాలుగేళ్ళ తరువాత, 1984 ఫిబ్రవరి 24న, రాఘవరావుగారు తమ 79వ ఏట అస్తమించారు. హైదరాబాదు ఆకాశవాణిలో పిల్లల కార్యక్రమాలను ఆ తరువాత తీర్చిదిద్దిన తురగా జానకీరాణిగారిని కూడా పిల్లలు రేడియో అక్కయ్య అనే పిలిచారు. ఒక వ్యక్తికి పిల్లలిచ్చిన పేరు ఒక బాధ్యతకు పేరుగా మారిపోయింది. అన్నయ్య, అక్కయ్యలకు దక్కిన గొప్ప సన్మానం బహుశా అదే.

మన చేతిలో ఉన్నది

ఈ కథ మనకెందుకు? నేడు పాటకు కొరత లేదు. చేతిలోని ఫోన్ తాకితే వేల పాటలు పలుకుతాయి. అన్నం తినని బిడ్డ ముందు ఫోన్ పెడితే ముద్ద మింగుతుంది. కాని ఆ బిడ్డ పాడటం లేదు, చూస్తోంది. మరొకరి అరచేతిని తాకడం లేదు, అద్దాన్ని తాకుతోంది. సంగీతం వినడం వేరు, సంగీతంలో ఉండటం వేరు. మరోవైపు, పాడే పిల్లలను చూడండి. వారిని పోటీలకు తయారుచేస్తున్నాం. ఒకరు గెలిస్తే తొంభై తొమ్మిదిమంది ఓడిపోయే పాట అది. అన్నయ్య నేర్పిన పాటలో ఓడిపోయేవారు లేరు.

తల్లిదండ్రులారా, దీనికి పెట్టుబడి అక్కరలేదు. హార్మోనియం అక్కరలేదు. రోజుకు పది నిమిషాలు చాలు. మీ అమ్మమ్మ దగ్గర నేర్చిన ఆటపాట ఒకటి గుర్తుచేసుకోండి. మాటలు మరచిపోయి ఉంటే పెద్దవారిని అడగండి. వారు ఉన్నప్పుడే అడగాలి. మీ గొంతు బాగులేదని సంకోచించకండి. అమ్మ గొంతు బాగులేదని ఏ బిడ్డా అనదు. పాడేటప్పుడు చేతులు కలపండి, చప్పట్లు కొట్టండి, తప్పు వస్తే దిద్దబోకండి. నవ్వి మళ్ళీ మొదలుపెట్టండి. పక్కింటి పిల్లలను కూడా పిలవండి.

ఉపాధ్యాయులారా, మీ తరగతిలో వెనుక బెంచీలో పెదవులు కదిలించి ఊరకుండే పిల్లవాడు ఒకడుంటాడు. వార్షికోత్సవానికి బృందాన్ని ఎంపిక చేసేటప్పుడు వాడిని పక్కన కూర్చోబెడతాం. వాడిని కూడా బృందంలో కలపండి. చప్పట్ల ఆటతో మొదలుపెడితే కొద్ది వారాలలో వాడి గొంతు మీకు వినిపిస్తుంది.

పాడగలవారినే పిలిచి ఉంటే రేడియో అన్నయ్య ఒక మంచి గాయక బృందాన్ని తయారుచేసి ఉండేవారు. అందరినీ పిలిచారు కనుక ఆయన ఒక తరానికి అన్నయ్య అయ్యారు.